పొర మీద పొర: నైరూప్య చిత్రం వెయ్యడానికి నేను అనుసరించే పద్ధతి

నైరూప్య చిత్రానికి, అంటే గుర్తుపట్టే వస్తువేదీ లేని అబ్‌స్ట్రాక్ట్ చిత్రానికి, గీత రానక్కరలేదనీ, రంగులు చేతికి వచ్చినట్టు పూస్తే సరిపోతుందనీ అనుకొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. మనిషి బొమ్మ వేసేవాడికి ముక్కు సరిగా కుదిరిందో లేదో పోల్చుకోవడానికి ఎదుట మనిషి ఉంటాడు. నైరూప్య చిత్రం వేసేవాడికి ఆ ఆధారం ఉండదు కనుక, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ప్రతిసారీ తానే తేల్చుకోవలసి వస్తుంది. ఈ పనిలో సగానికి పైగా భాగం పూసినదాన్ని కప్పడం, కప్పినదాన్ని గీకి బయటికి తియ్యడం, ఆ రెంటికీ మధ్య కుదురుగా కూర్చొని చూడడం. అక్రిలిక్ రంగులతో కాన్వాసు మీద పొరలు పొరలుగా చిత్రం కట్టుకుంటూ పోయే ఈ పద్ధతిని మొదటి నుంచి చివరి వరకు ఇక్కడ వివరిస్తాను. కాన్వాసును నేల మీద పరిచి రంగు ధారలుగా వదిలిన జాక్సన్ పొలాక్ దారి, పరిణత దశలో నిలువు అడ్డ గీతలకే కట్టుబడి పని చేసిన మాండ్రియాన్ దారి వేరు. వాటి జోలికి నేను పోవడం లేదు.

చూసినదానితో మొదలుపెట్టడం

ఖాళీ కాన్వాసు ముందు నిలబడి ఏదో ఒకటి వేద్దామనుకుంటే, చెయ్యి తనకు అలవాటైన వంపులనే తిప్పుతుంది, కన్ను తనకు ఇష్టమైన రంగులనే వెతుక్కుంటుంది. నాలుగు చిత్రాలు వేసేసరికి నాలుగూ ఒకే మాదిరిగా ఉంటాయి. అందువల్ల నేను కంటితో చూసిన ఒక వస్తువు నుంచే మొదలుపెడతాను, తరవాత దాన్ని వదిలేస్తాను. ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. 1940లో ఖమ్మం జిల్లా మధిరలో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన సూర్యప్రకాశ్ తుప్పు పట్టిన పాత కార్ల శిథిలాలను తీసుకొని చిత్రాలు వేశారు. తరవాతి కాలంలో నీటి మీద నీడలు, ఆకులు, చెట్ల నడుమ పడే వెలుగు ఆయన చిత్రాలకు ఆధారమయ్యాయి. వస్తువు పేరు తెలియకపోయినా ఆ చిత్రాలు నిలబడతాయి. అయితే వస్తువును అంత శ్రద్ధగా చూసి ఉండకపోతే అవి పుట్టేవి కావు.

ఉదాహరణకు ఒక పాత పెంకుటింటి వసారా గోడను తీసుకుందాం. కింద మోకాలి ఎత్తు వరకు జాజు పట్టీ, దాని పైన నీలిమందు కలిపిన సున్నం. ఏటా పండక్కి ఒక పూత చొప్పున వేస్తూ వచ్చిన ఆ సున్నం, వానాకాలం చెమ్మ ఎక్కి, పెచ్చులుగా ఊడిపోయి ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే పెచ్చు ఊడిన చోట ఒకే రంగు కనపడదు. తెలుపు కింద లేత నీలం, దాని కింద ఎప్పటిదో పసుపు, అన్నిటికీ అడుగున ఇటుక ఎరుపు, మెట్లు మెట్లుగా లోపలికి దిగుతాయి. పెచ్చుకు ఒక అంచు పదునుగా తెగి ఉంటుంది. ఇంకో అంచు వేలు తగిలితే రాలే పొడిలాగా గోడలో కలిసిపోతుంది. జాజు పట్టీ పై గీత ఈ చివర తిన్నగా మొదలై, తలుపు దాటేసరికి పూసినవాడి చెయ్యి అలిసిందేమో, కొద్దిగా కిందికి జారుతుంది. నాకు కావలసినవి ఈ పొరలు, ఈ రెండు రకాల అంచులు, ఈ జారుడు. గోడను గోడలా గుర్తుపట్టేలా చేసే తలుపు, మేకు, క్యాలెండరు నాకు అక్కర్లేదు.

ఫోన్లో ఫోటో తీసుకోవచ్చు గానీ దాని మీదే ఆధారపడవద్దు. ఫోటో అన్నిటినీ సమానంగా పట్టుకుంటుంది, మన కన్ను ఎక్కడ ఆగిందో దానికి తెలియదు. అక్కడే నిలబడి చిన్న నోటు పుస్తకంలో మూడు సంగతులు రాసుకోండి: పెద్ద ఆకారాలు ఎన్ని, వాటి కొలతలు ఒకదానితో ఒకటి ఎలా ఉన్నాయి, అన్నిటికన్నా లేత చోటు ఏది, ముదురు చోటు ఏది, అంచు ఎక్కడ పదునుగా ఉంది, ఎక్కడ కరిగిపోయింది. రంగుల పేర్లు చివరకు రాసుకున్నా సరే. కొన్ని రోజుల తరవాత ఆ ఫోటో చూడకుండా, రాసుకున్న మాటల నుంచే చిత్రం మొదలుపెడితే వస్తువు దానంతట అదే వెనక్కి తగ్గుతుంది.

చిన్న నమూనాలు

కాన్వాసు ముట్టుకోక ముందు పోస్టుకార్డు పరిమాణంలో కాగితం మీద చాలా నమూనాలు వేస్తాను. వీటిలో రంగు ఉండదు; తెలుపు, ఒక బూడిద రంగు, నలుపు మాత్రమే. నైరూప్య చిత్రాలు తేలిపోవడానికి రంగులు కుదరకపోవడం కన్నా, లేత ముదురుల అమరిక కుదరకపోవడమే ఎక్కువగా కారణమవుతుంది. ఎరుపు, పచ్చ, నీలం మూడూ ఒకే ముదురులో ఉంటే చిత్రం ఎంత రంగులమయంగా ఉన్నా పదడుగుల దూరం నుంచి చప్పగా కనిపిస్తుంది. మూడు ఛాయలతో నిలబడిన నమూనాకు తరవాత ఏ రంగు తొడిగినా చాలావరకు నిలబడుతుంది.

నమూనాల్లో తెలుపు, బూడిద, నలుపు మూడూ సమాన భాగాలుగా రాకుండా చూసుకోండి. ఒకటి చిత్రంలో ఎక్కువ భాగాన్ని ఆక్రమించాలి, రెండోది అంతకన్నా తక్కువగా ఉండాలి, మూడోది అక్కడక్కడా మాత్రమే తగలాలి. మన గోడ విషయంలో లేత భాగం ఎక్కువ, జాజు పట్టీ వల్ల వచ్చే నడిమి ఛాయ తక్కువ, పెచ్చు లోపలి నీడ ఇంకా తక్కువ. అట్టముక్కతో మూలమట్టంలాంటి రెండు L ఆకారాలు కత్తిరించుకొని, వాటిని ఎదురెదురుగా పెట్టి చట్రంలాగా జరుపుతూ నమూనా మీద వెతికితే, మొత్తం నమూనా కన్నా దానిలోని ఒక మూల మెరుగ్గా ఉందని తరచుగా తేలుతుంది. ఆ మూలనే పెద్దది చేసుకోవచ్చు. నమూనాను కాన్వాసు మీదకి గళ్ళు గీసి ఎక్కించే పని మాత్రం నేను చెయ్యను, అలా చేస్తే మిగిలేది రంగు నింపడమే.

రంగులు, సరంజామా

దుకాణంలో ఇరవై నాలుగు రంగుల పెట్టె ఆకర్షణీయంగానే ఉంటుంది, కాని మొదట్లో అయిదు రంగులు చాలు: టైటానియం వైట్, అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్, ఇంకొకటి మెరుపు కోసం నారింజ గానీ నిమ్మపసుపు గానీ. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపుకు దగ్గరగా వచ్చే ముదురు రంగు వస్తుంది. నీలం పాలు పెంచితే చల్లగా, సియెన్నా పాలు పెంచితే వెచ్చగా మారుతుంది. దానికి తెలుపు చేర్చుకుంటూ పోతే ఎన్నో రకాల బూడిద రంగులు వస్తాయి. ట్యూబులో నుంచి నేరుగా పిండిన నలుపు కన్నా ఈ బూడిదలు పక్క రంగులతో బాగా కలుస్తాయి, ఎందుకంటే అవే రంగులు వాటి లోపల ఉన్నాయి. మన గోడకు ఈ అయిదు రంగులు సహజంగానే సరిపోయాయి. జాజుకు సియెన్నా దగ్గర. ఇక బట్టలకు పెట్టే పాతకాలపు నీలిమందు పొడిలో ఉండే రంగు పదార్థం అల్ట్రామెరైనే కనుక, సున్నంలోని ఆ నీలి ఛాయ వెతుక్కోకుండానే దొరుకుతుంది.

ఏ రంగు కింది పొరను కప్పేస్తుందో, ఏది కనపడనిస్తుందో తెలిసి ఉండాలి. టైటానియం వైట్, ఓకర్ కప్పేస్తాయి. అల్ట్రామెరైన్ కింది పొరను కనపడనిస్తుంది, సియెన్నా కూడా పలచగా వేస్తే చాలావరకు అంతే. ట్యూబు మీద ఉండే చిన్న చదరపు గుర్తు నిండుగా ఉంటే కప్పే రంగు, ఖాళీగా ఉంటే పారదర్శకమైన రంగు. విద్యార్థుల కోసం తయారుచేసే చవక రకాలలో రంగునివ్వని పొడి పదార్థం ఎక్కువగా కలుపుతారు కనుక వాటి పలచటి పొరలు మసకగా వస్తాయి. అడుగు పొరలకు చవక రకం, పై పొరలకు మంచి రకం వాడుకుంటే ఖర్చు, నాణ్యత రెండూ కలిసి వస్తాయి.

బజారులో దొరికే సిద్ధమైన కాన్వాసు మీద సాధారణంగా జెసో, అంటే రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగు పూత, పలచగానే ఉంటుంది. దాని మీద ఇంకో రెండు పూతలు జెసో వేసి, ఆరాక ఉప్పుకాగితంతో తేలికగా రుద్దితే, తరవాత ఎంత గీకినా గుడ్డ బయటపడదు. పరిమాణం మొదట్లో 16 అంగుళాలకు 20 అంగుళాలు సరిపోతుంది. అంతకన్నా చిన్నదైతే మణికట్టు మాత్రమే కదులుతుంది, భుజం కదలదు. కుంచెలు రెండు మూడు వెడల్పైనవి చాలు. వాటితో పాటు ప్యాలెట్ నైఫ్ (రంగు కలపడానికీ పూయడానికీ వాడే పలచటి కత్తి), గోడల పెయింటర్లు వాడే పుట్టీ బ్లేడు, చిన్న రోలరు, మాస్కింగ్ టేపు, నీళ్ళు చిమ్మే స్ప్రే సీసా, పాత నూలు పంచె ముక్కలు ఉంచుకోండి. నాకు కుంచెల కన్నా పుట్టీ బ్లేడుతోనే పని ఎక్కువ.

పని చేసేటప్పుడు పైన తిరిగే ఫ్యాను ఆపెయ్యాలి. పలచటి అక్రిలిక్ పొర మామూలుగా పదిహేను ఇరవై నిమిషాల్లో ఆరితే, మే నెలలో ఫ్యాను కింద ప్లేటులోని రంగు కూడా చూస్తుండగానే తోలు కడుతుంది. మూత ఉన్న స్టీలు డబ్బాలో తడిపిన గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, ఆ పేపరు మీద రంగులు కలుపుకుంటే మరునాటికి కూడా మెత్తగానే ఉంటాయి.

మొదటి పొర

ఇక్కడ ఎక్కువసేపు ఆగవలసిన పని లేదు. తెల్లని కాన్వాసును తెల్లగా ఉండకుండా చెయ్యడమే దీని ప్రయోజనం. సియెన్నా, ఓకర్ నీళ్ళతో పలచన చేసి, వెడల్పైన కుంచెతో నమూనాలోని పెద్ద ఆకారాలను స్థూలంగా పెట్టి, కొన్ని చోట్ల గుడ్డతో తుడిచెయ్యండి. రంగులో సగానికి మించి నీళ్ళు కలపకండి. మరీ పలచన చేస్తే రంగును పట్టి ఉంచే బంక చాలక, ఆరాక తడి గుడ్డకే ఊడి వస్తుంది. ఈ పొర అందంగా రావాలని పట్టుబడితే దాన్ని కప్పడానికి తరవాత చెయ్యి ఆడదు, కనుక గబగబా ముగించడమే మంచిది.

నడిమి పొరలు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇప్పుడు అడుగున వెచ్చని ఎరుపు, పసుపు ఉన్నాయి. వాటి మీద తెలుపులో కొద్దిగా ఓకర్, చిటికెడు నీలం కలిపి, పుట్టీ బ్లేడు అంచుతో మందంగా లాగుతాను. బ్లేడును కాన్వాసుకు ఆనించి దాదాపు పడుకోబెట్టి లాగితే రంగు పలచగా పరుచుకొని కింది పొర గీతలుగా తొంగి చూస్తుంది. నిటారుగా పట్టుకొని లాగితే రంగు కొట్టుకుపోయి కింది పొర బయటపడుతుంది. ఒకే లాగుడులో పట్టు మార్చితే రెండూ ఒకచోట దొరుకుతాయి. గోడ మీద చూసిన పదును అంచు, పొడి అంచు ఇలాగే వస్తాయి, కుంచెతో అనుకరించబోతే రావు.

గీకడానికి సమయం చూసుకోవాలి. పూసిన మొదటి కొన్ని నిమిషాల్లో తడి గుడ్డతో తుడిస్తే రంగు పూర్తిగా వచ్చేస్తుంది, కింది పొర శుభ్రంగా బయటపడుతుంది. పైన తోలు కట్టి లోపల ఇంకా తడిగా ఉన్న దశలో గీకితే పొర చిరిగినట్టు లేచి, గరుకు అంచులు మిగులుతాయి. నాకు బాగా ఇష్టమైన దశ ఇదే, కాని అది కొద్దిసేపే ఉంటుంది. పూర్తిగా ఆరాక అక్రిలిక్ ప్లాస్టిక్ పొరగా మారిపోతుంది, నీళ్ళు దాన్నేమీ చెయ్యలేవు. అప్పుడు ఉప్పుకాగితం తడిపి రుద్దాలి, లేదా గుడ్డకు సర్జికల్ స్పిరిట్ అద్ది తుడవాలి. స్పిరిట్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గరలో నిప్పు ఉండకూడదు.

పదునైన గీత కావలసిన చోట మాస్కింగ్ టేపు అంటిస్తాం, కాని తీసి చూస్తే అంచు కింద రంగు పాకి ఉంటుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. టేపు అంటించాక, దాని అంచు మీదుగా మొదట కింది పొర రంగునే ఒకసారి పూసి ఆరనివ్వండి. పాకేది ఆ రంగే కనుక కనపడదు, సందులు మూసుకుపోతాయి. అప్పుడు కొత్త రంగు వేసి, అది పూర్తిగా ఆరక ముందే టేపును వాలుగా లాగెయ్యండి. అయితే చిత్రంలో ఇలాంటి గీతలు ఒకటి రెండుకు మించకూడదని నా అభిప్రాయం. అన్ని అంచులూ పదునుగా ఉంటే కంటికి ఎక్కడా ఆగాలని అనిపించదు; అన్నీ మెత్తగా ఉంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. జాజు పట్టీ పై గీతను నేను టేపుతో మొదలుపెట్టి, చివరి భాగంలో టేపు లేకుండా చేత్తోనే లాగి, అంచును కరిగిపోనిస్తాను.

ఆరిన తరవాత అక్రిలిక్ కాస్త ముదురుతుందని గుర్తుంచుకోవాలి. రంగును పట్టి ఉంచే బంక తడిగా ఉన్నప్పుడు పాలలాగా తెల్లగా ఉండి, ఆరగానే పారదర్శకంగా మారుతుంది, ఆ తెలుపు పోయిన మేరకు రంగు ముదురుగా కనపడుతుంది. కనుక లేత రంగును కావలసినదానికన్నా ఒక మెట్టు లేతగా కలిపి, కాగితం మీద చుక్క పెట్టి ఆరాక సరిచూసుకోవాలి. పారదర్శకమైన పొర కావాలంటే నీళ్ళు గాక గ్లాస్ (gloss) మీడియం, అంటే రంగు కలపని అక్రిలిక్ బంక, ఎక్కువగా, రంగు కొద్దిగా కలపాలి. ఆరిన తెలుపు మీద అలా వేసిన పలచటి నీలం లోతుగా కనపడుతుంది. తెలుపులోనే నీలం కలిపి పూసినప్పుడు ఆ లోతు రాదు.

ఈ దశలో అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఎక్కడో ఒక మూల, అనుకోకుండా, ఎంతో చక్కని ముక్క వచ్చి కూర్చుంటుంది. దాన్ని చెడగొట్టకుండా మిగతా చిత్రమంతా దాని చుట్టూ సర్దడం మొదలుపెడతాం. రోజులు గడిచినా చిత్రం కదలదు, ఎందుకంటే నిర్ణయాలన్నీ ఆ ముక్క చేతిలోకి పోయాయి. ఇలాంటప్పుడు తెల్లకాగితం ముక్క ఒకటి చింపి ఆ ముక్క మీద పెట్టి, దూరం నుంచి చూడండి. అది కనపడనప్పుడే చిత్రం బాగుందనిపిస్తే దాన్ని కప్పెయ్యాలి. ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకో కాన్వాసుకు అదే మొదటి నమూనా అవుతుంది. కప్పడం కష్టంగానే ఉంటుంది, అయినా ఈ ఒక్క పని చెయ్యలేక ఆగిపోయిన చిత్రాలే ఇళ్ళలో మంచాల కింద ఎక్కువగా ఉంటాయి.

కూర్చొని చూడడం

ఒక పొర ఆరేలోపు ఇంకో కుంచె అందుకోకుండా, కుర్చీని పదడుగుల వెనక్కి జరుపుకొని కూర్చోవాలి. కళ్ళు సగం మూసి చూస్తే వివరాలు పోయి లేత ముదురులు మిగులుతాయి. ఫోన్లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి, మొదట వేసుకున్న నమూనా పక్కన పెట్టి చూడడం ఇంకా నమ్మకమైన పద్ధతి. నమూనాలాగే ఉండాలని కాదు. ఎక్కువ, తక్కువ, కొద్ది అన్న ఆ మూడు పాళ్ళు ఇంకా ఉన్నాయా, లేక పని చేస్తూ చేస్తూ అంతా నడిమి ఛాయలోకి జారిపోయిందా అన్నదే చూడాలి.

కాన్వాసును పక్కకు తిప్పి, తలకిందులు చేసి కూడా చూస్తాను. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ ఒక సాయంత్రం మసక వెలుతురులో తన గదిలోకి వచ్చి, గోడకు ఆనించి ఉన్న చిత్రం ఒకదాన్ని చూసి, అదేమిటో పోల్చుకోలేక, దాని అందానికి నిలబడిపోయారు. తీరా చూస్తే అది ఆయన వేసినదే, అడ్డంగా తిప్పి పెట్టి ఉంది. తన చిత్రాలకు వస్తువే అడ్డమని అప్పుడు అర్థమైందని 1913లో రాసుకున్నారు. మన గోడ చిత్రాన్ని తలకిందులు చేస్తే జాజు పట్టీ పైకి పోయి, గోడ కాస్తా మాయమవుతుంది; అప్పటిదాకా గోడ కనుక అలా ఉండాలని ఒప్పుకున్న చోట్లు ఉన్నపళంగా బరువుగానో, ఖాళీగానో కనిపిస్తాయి. తిప్పిన వైపే మెరుగ్గా ఉంటే అలాగే కొనసాగించడానికి అభ్యంతరమేమీ లేదు.

చూశాక చెయ్యవలసిన మార్పు ఒకే వాక్యంలో కాగితం మీద రాస్తాను. "కుడి వైపు బూడిద మరీ చల్లగా ఉంది, సియెన్నాతో పలచటి పొర" అన్నట్టు. అలా రాయలేకపోతే ఆ రోజుకి కుంచె ముట్టుకోను. ఏదో తక్కువైందన్న అస్పష్టమైన అనుమానంతో వేసే గీతలే చిత్రాన్ని బురదగా మారుస్తాయి.

ఎప్పుడు ఆపాలి

రాసుకోవడానికి మార్పేదీ తోచని రోజు వస్తే కాన్వాసును గోడ వైపు తిప్పి పెట్టి, వారం తరవాత ఒక్కసారిగా తిప్పి చూడండి. అప్పుడూ ఏమీ తోచకపోతే అయిపోయినట్టే. కాన్వాసు మీద ఖాళీగా, నిశ్శబ్దంగా ఉన్న చోట్లను నింపాలని చెయ్యి దురద పెడుతుంది. అది అణచుకోవలసిన దురద. రోలరు, ప్యాలెట్ నైఫులతో పొరలు పరుస్తూ గీకుతూ పని చేసిన వి.ఎస్. గాయ్‌తోండే (1924–2001) ఏడాదికి కొద్ది చిత్రాలే వేసేవారు. ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన చిత్రాలు ఉన్నాయి. ఫోన్ తెరమీద చూస్తే అవి ఒకే రంగు పలకల్లా కనిపిస్తాయి. ఎదుట నిలబడితే ఒక పొర వెనక ఇంకో పొర ఎలా వెలుగుతుందో తెలుస్తుంది. అవకాశం దొరికినప్పుడు అసలు చిత్రాలు చూడడం కూడా ఈ అభ్యాసంలో భాగమే. గుడివాడలో పుట్టి చికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు వంటి మన నైరూప్య చిత్రకారుల పని కూడా ప్రదర్శనలకు వచ్చినప్పుడు వదులుకోవద్దు.

ముగించాక

పేరు పెట్టేటప్పుడు "పాత గోడ" అని పెడితే చూసేవాళ్ళు గోడను వెతకడంలో పడిపోతారు. నెల, ఊరు, రంగు వంటి తటస్థమైన పేరు నయం. వార్నిషు తొందరపడి వెయ్యకూడదు. పలచటి పొరలకు కొన్ని రోజులు, కత్తితో మందంగా పెట్టిన చోట్లకు కొన్ని వారాలు ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజుల్లో వేస్తే తేమ వల్ల పొర మసకబారే ప్రమాదం ఉంది, కనుక పొడి వాతావరణం చూసుకొని రెండు పలచటి పూతలు వెయ్యండి. మన ఎండలకు అక్రిలిక్ పొర మెత్తబడి జిగురుగా తయారవుతుంది. రెండు చిత్రాలను ఎదురెదురుగా ఆనించినా, ప్లాస్టిక్ బుడగల కవరు నేరుగా చుట్టినా అంటుకుపోతాయి. మధ్యలో బటర్ పేపరు తప్పనిసరి. కాన్వాసు వెనక పేరు, సంవత్సరం, వాడిన రంగులు పెన్సిలుతో రాసి, పైవైపు ఏదో తెలిసేలా ఒక బాణం గుర్తు వెయ్యండి. మేకు కొట్టేది మీరు కాకపోవచ్చు.